అరుణాచలం కార్తీక దీపం, చెన్నై వానలు: వెళ్ళే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

మేము చెన్నై పెరంబూర్‌లో ఉంటాం. నవంబర్ వచ్చిందంటే విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి చుట్టాల ఫోన్లు మొదలైపోతాయి, "అరుణాచలం దీపం చూడాలి, మీ ఇంట్లో దిగి వెళ్తాం, ఏ రోజు రమ్మంటావ్, అక్కడ వానలంట కదా" అని. అందరికీ ఒకటే చెప్పీ చెప్పీ ఇక ఒకచోట రాసేస్తున్నా. ముందుగా ఒక్క ముక్క చెప్పేస్తా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: కొండ మీద దీపం ఒక్క రోజు వెలిగి ఆరిపోయేది కాదండి, 11 రోజులు ఉంటుంది. ఇది తెలియకే జనం ఆ ఒక్క సాయంత్రం కోసం వానలో, తోపులాటలో నానా అవస్థ పడుతున్నారు.

దీపం ఎప్పుడు? మన కార్తీక పౌర్ణమి రోజేనా?

చాలాసార్లు కాదండి, ఇక్కడే మనవాళ్ళు పప్పులో కాలేస్తారు. మనది చాంద్రమానం, అమావాస్య దాటాక నెల మొదలు. తమిళులది సౌరమానం, సూర్యుడు వృశ్చికంలోకి వచ్చినప్పుడు, అంటే నవంబర్ 16, 17 అలా వాళ్ళ కార్తిగై నెల మొదలవుతుంది, ఆ నెలలో కృత్తికా నక్షత్రం ఉన్న రోజు, పౌర్ణమి దగ్గర్లో, దీపం పెడతారు. అందుకని తేదీ ఏటా మారిపోతుంది. 2021లో నవంబర్ 19, 2022లో డిసెంబర్ 6, 2023లో నవంబర్ 26, 2024లో డిసెంబర్ 13, 2025లో డిసెంబర్ 3.

2023లో మనకి అధిక శ్రావణం వచ్చి నెలలన్నీ వెనక్కి జరిగాయి కాబట్టి మన పౌర్ణమి, వాళ్ళ దీపం ఇంచుమించు ఒకేసారి పడ్డాయి. అది చూసి మా పిన్ని వాళ్ళు 2024లో కూడా అంతే అనుకుని నవంబర్ 15కి, అంటే మన కార్తీక పౌర్ణమికి టికెట్లు తీసేసుకున్నారు. వెళ్ళి పాపం రాత్రంతా ప్రదక్షిణ చేసి, తెల్లారి టీ కొట్టు దగ్గర కొండ మీద దీపం ఏదండీ అని అడిగితే, ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి ఇంకా నాలుగు వారాలు ఉందమ్మా అన్నాడంట. కాబట్టి తెలుగు క్యాలెండర్ పక్కన పెట్టేసి, తమిళ క్యాలెండర్‌లో తిరుక్కార్తిగై అని ఏ రోజు ఉందో చూసుకుని, దేవస్థానం ప్రకటించిన ఉత్సవాల పట్టికతో సరిపోల్చుకుని అప్పుడు టికెట్లు తీసుకోండి.

ఆ రోజుల్లో వాన పడుతుందా?

పడే సీజన్ అదే అండి. మన ఊళ్ళల్లో వానలు జూన్ నుంచి సెప్టెంబర్, ఇక్కడ అసలు వానాకాలం అక్టోబర్ మూడో వారం నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలు. చెన్నైకి ఏడాది మొత్తంలో పడే వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడిపోతుంది. దీపం సరిగ్గా ఆ నడిమధ్యలో వస్తుంది.

కానీ రోజూ పొద్దస్తమానం పడే వాన కాదు ఇది. బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం లేస్తుంది, అది తీరం వైపు వచ్చినప్పుడు రెండు మూడు రోజులు కుమ్మేస్తుంది, అది పోయాక ఆకాశం కడిగినట్టు అయిపోయి నాలుగైదు రోజులు హాయిగా ఉంటుంది, మళ్ళీ ఇంకోటి లేస్తుంది. 11 రోజుల దీపంలో ఇలాంటి తెరిపి ఒకటన్నా దొరికే అవకాశం చాలా ఎక్కువ. ఒక్క రోజే పట్టుకుని కూర్చుంటే మాత్రం అది మన అదృష్టం.

గత మూడేళ్ళు చూడండి. 2023లో దీపం నవంబర్ 26న పెట్టారు, మిచాంగ్ తుఫాను డిసెంబర్ 3, 4 తేదీల్లో చెన్నైని ముంచింది, ఎయిర్‌పోర్ట్ కూడా మూసేశారు, అంటే దీపానికి మొదటి రోజుల్లోనే వచ్చినవాళ్ళు బతికిపోయారు, చివరి రోజుల్లో చూద్దాంలే అనుకున్నవాళ్ళు ఇరుక్కున్నారు. 2024లో ఫెంగల్ నవంబర్ 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, దీపానికి రెండు వారాల ముందు. 2025లో దిత్వా బలహీనపడ్డాక కూడా కదలకుండా చెన్నై దగ్గర్లోనే సముద్రంలో కూర్చుండిపోయి డిసెంబర్ 1, 2 తేదీల్లో పోసింది, దీపం 3న. మూడేళ్ళు మూడు రకాలు. కాబట్టి ఫలానా తేదీకి వాన ఉండదు అని నెల ముందు ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

వాన పడితే దీపం పెట్టరా? కనిపించదా?

పెడతారండి, వాన పడినా పెడతారు. అయిదున్నర అడుగుల రాగి కొప్పెర, అందులో వేల కిలోల నెయ్యి, వెయ్యి మీటర్లకు పైగా గుడ్డతో చేసిన వత్తి, కర్పూరం, అది అంత తేలిగ్గా ఆరే మంట కాదు. ఆ కొప్పెరని కొండ పైకి మోసుకెళ్ళేది, వెలిగించేది పర్వతరాజ కులం వాళ్ళు, తరాల నుంచీ వాళ్ళ హక్కు అది, వానైనా ఎండైనా వాళ్ళు ఎక్కుతారు.

ఇబ్బంది మంటకి కాదు, మన కంటికి. కొండ ఎత్తు 2668 అడుగులు, అల్పపీడనం ఉన్న రోజుల్లో మబ్బు అంతకంటే కిందకి దిగి శిఖరాన్ని దుప్పటి కప్పినట్టు కప్పేస్తుంది. ఒక ఏడాది మేము దీపం రోజునే వెళ్ళాం, సాయంత్రం 6 గంటలకి కింద గుళ్ళో టపాసులు పేల్చారు, జనం అంతా "అరోహరా" అని అరిచారు, తలెత్తి చూస్తే తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. మా అత్తగారు చేతులు జోడించి ఆ మబ్బుకే దణ్ణం పెట్టుకున్నారు. ఏడుంబావుకి గాలి మళ్ళి మబ్బు చీలింది, ఒక్క నిమిషం అంతే, ఎర్రగా మెరిసి మళ్ళీ మూసుకుపోయింది. ఆవిడ ఆ ఒక్క నిమిషం గురించి ఇప్పటికీ చెప్తారు. వెంటనే కనిపించలేదని వెళ్ళిపోకండి, గాలి ఉన్న రోజైతే గంట గంటన్నర ఆగితే చాలాసార్లు మబ్బు జరుగుతుంది.

అయితే ఏ రోజు వెళ్తే మంచిది?

నన్నడిగితే నాలుగో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో, ఆకాశం తెరిపి ఇచ్చిన రోజు చూసుకుని. దీనికి వాన ఒక్కటే కారణం కాదు, చంద్రుడు కూడా. దీపం రోజు పౌర్ణమి వెలుగు, సూర్యుడు దిగేసరికి చంద్రుడు లేచిపోతాడు, ఆకాశం అంతా పాలు పోసినట్టు ఉంటుంది. తర్వాత రోజుకి ముప్పావు గంటో యాభై నిమిషాలో ఆలస్యంగా లేస్తాడు కాబట్టి నాలుగో రోజుకి రాత్రి దాదాపు ఎనిమిది దాకా చీకటే. ఏడు నుంచి చంద్రుడు లేచేవరకు ఆ చీకట్లో కొండ ఎక్కడుందో కూడా తెలీదు, పైన దీపం ఒక్కటే నిలబడి ఉంటుంది.

మేము నాలుగో రోజు వెళ్ళినప్పుడు ప్రదక్షిణ దారిలో ఆది అణ్ణామలై గుడి దాటాక రోడ్డు పక్కన ఒక పెద్దావిడ నీలం ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుని కర్పూరం అమ్ముతోంది, పొద్దున పడిన వాన నీళ్ళు ఇంకా ఆ పట్టా మడతలో నిలిచి ఉన్నాయి, ఆ నీళ్ళల్లో కొండ మీద దీపం చిన్న చుక్కలా ఊగుతోంది. మా పాప చూసి నాన్నా ఇక్కడ కూడా ఉంది అని చూపిస్తే ఆవిడ నవ్వి పట్టా కదపకుండా అలాగే కాసేపు పట్టుకుంది. దీపం రోజు లక్షల మందిలో ఇలా ఆగి చూసే జాగా ఎక్కడుంటుంది చెప్పండి.

శని, ఆదివారాలు మాత్రం ఎలాగూ రద్దీ ఉంటుంది, వీలైతే మామూలు రోజుల్లో వెళ్ళండి.

లేదు, మొదటి రోజే చూడాలని మొక్కు ఉంది. ఎలా?

మొక్కు ఉంటే వెళ్ళండి, దాని గొప్పతనం దానిదే, తెల్లవారుజామున 4 గంటలకి గుళ్ళో భరణి దీపం, సాయంత్రం సరిగ్గా 6కి ధ్వజస్తంభం దగ్గరికి అర్ధనారీశ్వరుడు వచ్చి ఒకటి రెండు నిమిషాలే దర్శనం ఇస్తాడు, అదే క్షణంలో పైన దీపం. కానీ గుడి లోపల ఉండి చూడాలంటే పాసులు, కొద్దిపాటి ఆన్‌లైన్ టికెట్లే మార్గం, అవి దేవస్థానం పెట్టే సైట్‌లో తప్ప ఎక్కడా కొనకండి. ఫోన్లో మేము ఇప్పిస్తాం అనేవాళ్ళకి డబ్బులు పంపొద్దు.

బయట నుంచి చూసేవాళ్ళు ముందు రోజే ఊళ్ళోకి చేరిపోవాలి. ఆ రోజు బస్సులు, కార్లు ఊరి బయట టెంపరరీ బస్ స్టాండ్ల దగ్గరే ఆపేస్తారు, అక్కడి నుంచి కిలోమీటర్లు నడక. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని, చంటిపిల్లల్ని దయచేసి ఆ రోజు తీసుకురావద్దు, వాళ్ళకి అయిదో రోజే పండగ.

వాతావరణం ఎలా చూసుకోవాలి?

పది రోజుల ముందు యాప్‌లో వాన బొమ్మ చూసి టికెట్ క్యాన్సిల్ చేసుకునేవాళ్ళని చూశా, అలా చెయ్యొద్దు. బయల్దేరే ముందు నాలుగైదు రోజుల ఫోర్‌కాస్ట్ మాత్రమే నమ్మదగ్గది. చెన్నై నుంగంబాక్కంలో వాతావరణ శాఖ ప్రాంతీయ కేంద్రం ఉంది, వాళ్ళు జిల్లాలవారీగా రంగులతో హెచ్చరికలు ఇస్తారు. చెన్నై రంగు ఒక్కటే చూసి వదిలెయ్యకుండా తిరువణ్ణామలై (అరుణాచలం ఉన్న జిల్లా), విళుపురం, చెంగల్పట్టు మూడూ చూడండి, ఎందుకంటే మీ రోడ్డు ఆ జిల్లాల్లోంచే వెళ్తుంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు కృష్ణగిరి చూడండి.

పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నేనైతే వెళ్తా. నారింజ అంటే రెడీగా ఉండమని, 24 గంటల్లో 11, 12 సెంటీమీటర్ల నుంచి 20 దాకా పడొచ్చు, ఒక రోజు వాయిదా వేసుకుంటా. ఎరుపు వస్తే ఇంట్లోనే, చర్చ లేదు. దారిలో ఉన్నప్పుడు చెన్నై రాడార్ బొమ్మ తెరిచి చూస్తే మబ్బులు ఎటు కదులుతున్నాయో తెలుస్తుంది, ముందుకి వెళ్ళాలా, తిండివనంలో కాఫీ తాగుతూ గంట ఆగాలా అన్నది దాన్ని బట్టే.

ఏ దారిలో వెళ్ళాలి?

చెన్నై నుంచి 190 కిలోమీటర్ల పైచిలుకు. తాంబరం, చెంగల్పట్టు, తిండివనం దాకా జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు, అక్కడ కుడికి తిరిగి జింజీ మీదుగా. వాన లేని రోజు నాలుగు గంటలు, శుక్రవారం సాయంత్రం పెరుంగళత్తూరు దగ్గరే గంట పోతుంది. జింజీ అంటే మన దేశింగు రాజు కథలో చెంజి, కోట రోడ్డు మీదకే కనిపిస్తుంది, 2025లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. తెల్లారి తిరిగొచ్చేటప్పుడు వాన లేకపోతే ఆగండి, రాళ్ళు తడిసి ఉంటే పైకి ఎక్కొద్దు.

బస్సు అయితే కిలాంబాక్కం నుంచి. కోయంబేడుకి వెళ్ళిపోయి అక్కడ బిక్కమొహం వేసే మనవాళ్ళు ఇంకా ఉన్నారు, 2023 డిసెంబర్ చివర్లో కిలాంబాక్కం తెరిచాక దక్షిణం వైపు బస్సులు చాలావరకు అక్కడికి మారిపోయాయి. సెంట్రల్‌లో దిగినవాళ్ళు ఎదురుగా పార్క్ స్టేషన్‌లో తాంబరం దాటి వెళ్ళే లోకల్ ఎక్కి వండలూరులో దిగితే దగ్గర.

బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి, ఊత్తంగరై, చెంగం మీదుగా 200 చిల్లర.

ఒకటి గుర్తుంచుకోండి, ఫెంగల్ అప్పుడు తిండివనం దగ్గర మైలంలోనూ, ఇటు ఊత్తంగరైలోనూ ఒక్క రోజులో దాదాపు 50 సెంటీమీటర్లు పడింది. అంటే రెండు దారులూ ఒకే తుఫానుకి దెబ్బతిన్నాయి, సముద్రానికి దూరం కదా అని బెంగళూరు వాళ్ళు ధీమాగా ఉండడానికి లేదు. ఆంధ్రా నుంచి వచ్చేవాళ్ళకి చెన్నైలో నీళ్ళు నిలిచిన రోజుల్లో తిరుపతి, చిత్తూరు, వేలూరు, పోలూరు దారి మంచి ప్రత్యామ్నాయం, చెన్నై ముఖం చూడక్కర్లేదు.

ట్రైన్ ఉందా?

ఉంది, చెన్నై బీచ్ నుంచి సాయంత్రం వేలూరు మీదుగా ఒక ప్యాసింజర్ వెళ్తుంది, నడిరాత్రికి చేరుతుంది. తిరుపతి, కాట్పాడి వైపు నుంచి విళుపురం లైన్‌లో కూడా బళ్ళున్నాయి. ఫెంగల్ తర్వాత విక్రవాండి దగ్గర వంతెన కిందికి వరద ఎక్కి బోలెడు ట్రైన్లు ఆపేశారు, కాబట్టి బయల్దేరే రోజు పొద్దున స్టేటస్ చూసుకోకుండా ఇల్లు కదలొద్దు. రైల్వే వాళ్ళే బండి రద్దు చేస్తే డబ్బులు పూర్తిగా వెనక్కి వస్తాయి, మీరే ముందుగా క్యాన్సిల్ చేసి నష్టపోకండి.

రూమ్ ఎలా?

దీపం రోజు రేట్లు చెప్పుకోకపోతేనే మంచిది. నేనొకసారి రెండు రాత్రులకి మొత్తం అడ్వాన్స్ కట్టేశా, రెడ్ అలర్ట్ వచ్చి బస్సులు తిరగలేదు, ఆ లాడ్జి వాళ్ళు తేదీ మార్చం, డబ్బు ఇవ్వం అన్నారు, రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో అలాగే రాసుంది. అప్పటి నుంచి తేదీ మార్చుకునే వీలు ఉందా అని ముందు అడిగి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకుని, అప్పుడే పంపిస్తున్నా. వీలు లేదంటే ఇంకోటి చూసుకుంటా. అయిదో రోజుకి రూములు మామూలు ధరకి దగ్గరగా దొరుకుతాయి. టెర్రస్ మీద నుంచి కొండ కనిపిస్తుందా అని కూడా అడగండి, కాళ్ళు కదపలేని పెద్దవాళ్ళు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుని చూడొచ్చు.

వానలో గిరి ప్రదక్షిణ చెయ్యొచ్చా?

14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, నాలుగైదు గంటలు. సన్న జల్లు అయితే ఎండలో కంటే సుఖం, రోడ్డు చల్లగా ఉంటుంది. అయితే తడిసిన పాదం తొందరగా బొబ్బలెక్కుతుంది, కంకర గుచ్చుకుంటుంది, అష్ట లింగాల దగ్గర ఆగినప్పుడల్లా చిన్న తువ్వాలుతో పాదాలు తుడుచుకోండి, ఇది మా అమ్మ చెప్పిన చిట్కా, బాగా పనిచేస్తుంది. గొడుగు వద్దు, జనంలో ఎవరి కంట్లోనో పొడుచుకుంటుంది, పలచటి రెయిన్‌కోటు తెచ్చుకోండి. ఫోనుకి ఒక ప్లాస్టిక్ కవరు, ఒక జత పొడి బట్టలు. రాత్రి 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, మామూలుగా చలి కాదు గానీ తడిసి గాలి తగిలితే వణుకు పుడుతుంది. ఉరుములు, మెరుపులు ఉంటే ఎక్కడైనా గట్టి కప్పు కింద ఆగిపోండి, చెట్టు కింద కాదు, ప్రదక్షిణ గంట ఆలస్యమైనా ఆ స్వామి ఏమీ అనుకోడు.

కొండ ఎక్కి దీపాన్ని దగ్గర నుంచి చూడొచ్చా?

వద్దండి. 2024 డిసెంబర్ 1న ఫెంగల్ వానకి కొండచరియ జారి కింద ఇళ్ళ మీద పడి ఏడుగురు చనిపోయారు, అందులో పిల్లలున్నారు. ఆ ఏడాది దీపానికి భక్తుల్ని కొండ ఎక్కనివ్వలేదు, దీపం పెట్టే పనివాళ్ళనే పంపారు. మా బంధువుల కుర్రాళ్ళు ఎవరో గైడు అడ్డదారిలో తీసుకెళ్తానన్నాడని ఉత్సాహపడ్డారు, నేను గట్టిగా తిట్టా, మళ్ళీ అడిగినా తిడతా. నెలరోజులు వాన పీల్చిన మట్టి అది, ఎక్కడ వదులుగా ఉందో పైకి తెలీదు. ఆ దీపం అంత పైన పెట్టిందే కింద ఉన్న అందరికీ కనిపించాలని.

ఫోన్లో ఫోటో రావట్లేదు?

జూమ్ ఎక్కువ చెయ్యకండి, నైట్ మోడ్ పెట్టి మోచేతులు గోడ మీద ఆనించి తీయండి. ఆరుంబావు ఆరున్నర మధ్య ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడు కొండ ఆకారం, దీపం రెండూ పడతాయి.

అన్నీ చూసుకున్నా రెడ్ అలర్ట్ వచ్చి చెన్నైలోనే ఆగిపోతే?

ఇంటి ముందు ప్రమిదలు పెట్టుకోండి, ఇక్కడ ఆ సాయంత్రం ప్రతి వాకిట్లో దీపాలుంటాయి, పొరి ఉండలు, అంటే బొరుగుల ఉండలు పంచుతారు. వాన తగ్గితే దగ్గర్లో ఉన్న శివాలయానికి వెళ్ళండి, గుడి ముందు తాటాకులు కట్టి చొక్కప్పానై అని అంటిస్తారు, మన జ్వాలాతోరణం గుర్తొస్తుంది. మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి కూడా బాగుంటుంది, కానీ వాన నీళ్ళు నిలిచిన రోజు మాడ వీధుల్లోకి కారు తీసుకెళ్ళకండి. తర్వాత మబ్బు విడిచిన రోజు చూసుకుని అరుణాచలం బయల్దేరండి, 11 రోజులు ఉన్నాయి కదా.

ఆ 11 రోజుల్లో కూడా కుదరలేదు. ఇక వచ్చే ఏడాదేనా?

దీపం దర్శనం వచ్చే ఏడాదే. కానీ ఇంకోటి ఉంది, చాలామంది తెలుగువాళ్ళకి తెలీదు. దీపం అయ్యాక కొప్పెర కిందికి దింపి, అందులో మిగిలిన మసిని తీసి, ఆరుద్ర దర్శనం రోజు ముందు నటరాజుకి బొట్టు పెట్టి, తర్వాత భక్తులకి ప్రసాదంగా ఇస్తారు. ఆరుద్ర తమిళుల మార్గళి నెలలో, డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్యలోపు వస్తుంది, అప్పటికి వానలు బాగా తగ్గి, రోడ్లు ఆరి, పొద్దున్నే చల్లగా ఉంటుంది. మా అత్తగారు ఆ మసిని వెండి కుంకుమభరిణెలో దాచుకుని పిల్లల పరీక్షలప్పుడు చుక్క పెడతారు. వెళ్తే ఆ పొట్లం తడవకుండా ఒక చిన్న స్టీలు డబ్బా తీసుకెళ్ళండి, కాగితంలో నూనె దిగి బ్యాగంతా నల్లగా అవుతుంది.